పేరు తప్పిన జబ్బు

పోయిన టపాలో యోగార్థం, రూఢ్యర్థం అనే రెండింటిని గురించి వ్రాశాను. పుట్టుకతో మాటకు ఉన్న అర్థం ఒకటి, లోకంలో తిరిగి తిరిగి అది సంపాదించుకొన్న అర్థం మరొకటి. చేయి తెగకుండా దర్భలు కోసుకువచ్చేవాడు కుశలుడు. ఇప్పుడు దర్భ ముఖం ఎరుగనివాడు కూడా కుశలుడే. తిలల నుంచి తీసినది తైలం. ఇప్పుడు ఏ గింజనుంచి తీసినా తైలమే. అది చదివిన ఒక మిత్రులు, “మాస్టారూ, ఈ గొడవ కావ్యాలకే పరిమితమా, శాస్త్రపరిభాషలో కూడా ఉంటుందా?” అని అడిగారు. ఉంటుంది. నాకు బాగా తెలిసినది ఒకటి ఉన్నది. అది నాకు తెలిసిన తీరు మాత్రం చెప్పుకోదగ్గది కాదు. అయినా అడిగారు గనుక చెబుతాను.

ఆ మాట ‘మైకోటిక్ ఎన్యూరిజం’. గ్రీకు మూలాలు చూస్తే ‘మైకెస్’ అంటే పుట్టగొడుగు, బూజు. ‘ఎన్యూరిజం’ అంటే వెడల్పు కావడం, ఉబ్బడం. రెంటినీ కలిపితే బూజు పట్టి ఉబ్బిన రక్తనాళమని వ్యుత్పత్త్యర్థం. వైద్యులు వాడే అర్థం వేరు. గుండె కవాటాలకు సూక్ష్మజీవులు సోకిన రోగిలో ఆ సూక్ష్మజీవుల గడ్డ ఒకటి తెగి, రక్తంలో కొట్టుకుపోయి, మెదడులోని సన్నని ధమనిలో చిక్కుకొంటుంది. అక్కడి గోడను తినివేస్తుంది. గోడ పలుచబడినచోట నాళం బుడగలా లేస్తుంది. సైకిలు టైరు అరిగి చిరిగినచోట లోపలి ట్యూబు బయటికి ఉబ్బడం చూడనివారు మన తరంలో ఉండరు, అదే తీరు. ఆ బుడగ పగిలితే మెదడులో రక్తస్రావం. దీనికి కారణమయ్యే సూక్ష్మజీవులు చాలావరకు బాక్టీరియాలే. బూజుజాతివి కావడం అరుదు. అనగా పేరులో ఉన్నది సాధారణంగా రోగంలో ఉండదు.

ఇది తెలియక నేను చేసిన పని ముందు చెప్పి, ఆ తర్వాత చరిత్రకు వస్తాను.

1988లో నేను గోదావరిఖనిలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. పండిత శిక్షణ ముగించుకొని ఉద్యోగంలో చేరి ఎన్నో ఏళ్ళు కాలేదు. గొంతులో గర్వం ఉండేది. ఆ తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు వ్రాయను. తండ్రి బొగ్గుబాయిలో టింబర్‌మన్. గని లోపల కప్పు కూలకుండా కర్రదుంగలు నిలబెట్టే పని. కప్పును కర్రతో తట్టి, మోతను బట్టి అది గట్టిదో డొల్లదో చెప్పగలిగేవాడు. ఆ చెవి కొడుక్కి వచ్చింది కాబోలు, యతి ఎక్కడ తప్పినా పట్టుకొనేవాడు. అతడు ఉత్పలమాల ఎత్తుకొంటే పక్క తరగతి సారు పాఠం ఆపేవారు.

ఆ ఏడాది దసరా సెలవుల తర్వాత అతడు తరచు బడి మానసాగాడు. సాయంత్రం పూట సన్నని జ్వరం. టైఫాయిడ్ అన్నారు. మాత్రలు వేసుకొన్నన్నాళ్ళు తగ్గేది, ఆపితే తిరిగి వచ్చేది. పిల్లవాడు పుల్లలా అయ్యాడు. డిసెంబరులో ఒకరోజు పద్యం అప్పజెప్పమన్నాను. రెండు పాదాలు చక్కగా చెప్పి ఆగిపోయాడు. మూడో పాదంలో ఒక మాటకు బదులు వేరే మాట అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి ఏ అర్థమూ లేని అక్షరాలు వచ్చాయి. తరగతి గొల్లుమన్నది. నాకు కోపం వచ్చింది. పద్యం రానివాడు కాదు, కావాలనే వేళాకోళం చేస్తున్నాడనుకొన్నాను. బెంచీమీద నిలబెట్టాను. గంట కొట్టేదాకా నిలబడ్డాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకొని నిలబడ్డాడన్న సంగతి నా కళ్ళు చూశాయి గాని, బుద్ధి చూడలేదు. మరునాడు మాట బాగానే వచ్చింది. “నిన్న ఏమైందిరా?” అంటే, “తెల్వది సార్, మాట నోటికాడిదాంక వచ్చి మళ్ళిపోయింది” అన్నాడు. నేను నవ్వి ఊరుకొన్నాను.

సంక్రాంతికి ముందు ఒక రాత్రి తలపోటని అరిచి పడిపోయాడు. తండ్రి రాత్రి షిఫ్టులో ఉన్నాడు. గాలి సోకిందని ఒకరు, పక్షవాతమని ఒకరు అన్నారు. రామగుండం స్టేషనులో హైదరాబాదు రైలు ఎక్కించినవారిలో నేనూ ఉన్నాను. మూడోనాడు తిరిగి తెచ్చారు.

దినాలు అయిన తర్వాత తండ్రి ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. “సారూ, మీరు పెద్ద సదువు సదివినోళ్ళు. గీ కాయిదంల ఏం రాసిండ్రో జెర సెప్పుండ్రి.” అందులో మైకోటిక్ అన్న మాట ఉన్నది. నాకు తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. నేను లోపలికి వెళ్ళి నిఘంటువు తెచ్చి చూసి, “బూజుకు సంబంధించిన జబ్బు. మెదడు నరానికి బూజు పట్టింది” అన్నాను.

“బూజా? కట్టెలకు పట్టేదా?”

“అటువంటిదే” అన్నాను.

గనిలోపల తడిలో, చీకటిలో నెలల తరబడి నిలబడిన దుంగలకు తెల్లని బూజు దూదిలా పడుతుంది. ఆయన రోజూ భుజానికెత్తుకొనేది ఆ దుంగలనే. ఆ బట్టలతోనే ఇంటికి వచ్చి ఆ పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొనేవాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా కాగితం మడిచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు జీతం తగ్గినా ఫరవాలేదని బతిమాలుకొని బాయి మీది పనికి మారాడని, ఇంట్లో చిన్నపిల్లను స్నానం చేయందే ముట్టుకోవడం లేదని తెలిసింది. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

2006లో ఆ తరగతి పిల్లలు కలుసుకొన్నారు. వాళ్ళలో ఒకడు న్యూరాలజీ చదివాడు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చొని, “సార్, ఆ రోజు నేను కూడా నవ్వాను” అన్నాడు. ఏ రోజు అని నేను అడగలేదు. తర్వాత కాగితంపై గుండె బొమ్మ, మెదడు బొమ్మ గీసి, నడుమ గీతలు కలుపుతూ గంటసేపు చెప్పాడు. మాట మళ్ళిపోయిన రోజున గుండెనుంచి ఒక చిన్న ముక్క వెళ్ళి ఎడమవైపు ధమనిలో తట్టుకొని ఉండాలన్నాడు. మాటకు సంబంధించిన చోటు మెదడు ఎడమభాగంలో ఉంటుందని పారిస్‌లో బ్రోకా చూపినది 1860లలోనే. కుడిచేతిని కదిలించే చోటు దానికి దగ్గరే. రెంటికీ రక్తం తెచ్చేది మధ్య మస్తిష్క ధమని. పిల్లవాడి పద్యమూ కుడిచేయీ ఒకేసారి ఎందుకు జారిపోయాయో పద్దెనిమిదేళ్ళకు తెలిసింది. ‘మైకోటిక్’ అన్న మాటకు నేను చెప్పిన అర్థాన్ని కూడా వాడి ముందు ఉంచాను. వాడు కాసేపు మాట్లాడలేదు. “పేరు తప్పు సార్. మేము కూడా అలవాటుకొద్దీ వాడుతున్నాం” అన్నాడు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో వెదకడం నాకు అప్పటినుంచి పట్టుకొన్న పిచ్చి.

గుండెలో పుట్టినది మెదడులో చంపగలదన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు. జర్మనీలో విర్షో 1840ల చివర, ఒకచోట గడ్డకట్టిన రక్తం తెగి మరొకచోట నాళాన్ని మూసివేయగలదని నిరూపించి దానికి ‘ఎంబోలిజం’ అని పేరు పెట్టాడు. 1852లో లండనులో సెన్‌హౌస్ కర్క్స్ అనే వైద్యుడు ఈ సంగతినే గుండె కవాటాల వైపునుంచి పట్టుకొన్నాడు. ఆయన చెప్పిన రోగులలో 34 ఏళ్ళ స్త్రీ ఒకామె. ఒక పక్క హఠాత్తుగా పడిపోయింది. చనిపోయిన తర్వాత కోసి చూస్తే కవాటాలమీద పులిపిర్ల వంటి మొలకలు ఉన్నాయి. మెదడులోని మధ్య ధమనిలో అటువంటి పదార్థమే అడ్డుపడి ఉన్నది. కవాటంమీది ముక్క తెగి మెదడుకు వెళ్ళిందని కర్క్స్ తేల్చాడు. సూక్ష్మజీవుల ఊసు అప్పటికి లేదు. కేవలం ఒకచోట ఉన్నదాన్నీ మరొకచోట ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూడడమే. మా టింబర్‌మన్ కప్పు తట్టి వినడం వంటి విద్య.

1869లో విలియం సెల్బీ చర్చ్ అనే మరో లండను వైద్యుడు ఒక కేసు ప్రకటించాడు. రోగి పదమూడేళ్ళ బాలుడు. మెదడు ధమనిపై ఉబ్బు. పిల్లలలో ఇటువంటి ఉబ్బు కనిపిస్తే కవాటాల జబ్బుతో దానికి సంబంధం ఉండవచ్చునని గమనించిన మొదటివాడిగా వైద్యచరిత్రలో ఆయన పేరు చెబుతారు. ఆ పదమూడు అనే అంకె చదివినప్పుడు నేను పుస్తకం మూసి లేచిపోయానని మాత్రం ఇక్కడ చెప్పుకొంటాను. తర్వాత 1873లో పోన్‌ఫిక్, కవాటంనుంచి వచ్చిన ముక్క ధమని గోడను గాయపరచడంవల్ల ఉబ్బు వస్తుందని వాదించాడు. 1887లో ఎపింగర్, గాయం కాదు, ముక్కతో వచ్చిన బాక్టీరియాయే గోడను పాడుచేస్తుందని చూపాడు. వీరిద్దరి నడుమ, 1885లో, పేరు పెట్టడం జరిగింది.

పెట్టినవాడు విలియం ఆస్లర్. కెనడాలో పుట్టి, అమెరికాలో పనిచేసి, తర్వాత ఆంగ్లభాషా ప్రపంచానికే వైద్యగురువు అనిపించుకొన్నవాడు. 1885 మార్చిలో లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో గుల్స్టోనియన్ ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు ఆయనకు ముప్ఫైఅయిదేళ్ళు. విషయం, ప్రాణాంతకమైన కవాటరోగం. చెదురుమదురుగా ఉన్న లక్షణాలను, వారాల తరబడి జ్వరం, చలి, గుండె చప్పుడులో తేడా, హఠాత్తుగా పక్షవాతం, వీటన్నిటినీ ఒకే రోగం కింద కూర్చిన ఉపన్యాసాలవి. టైఫాయిడ్ అని పొరబడే ప్రమాదం ఉన్నదని కూడా ఆయన ఎరుగును. ముప్ఫయ్యేళ్ళ వ్యక్తి ఒకడి బృహద్ధమనిపై లేచిన ఉబ్బులను వర్ణిస్తూ ‘మైకోటిక్’ అన్న విశేషణం వాడాడు.

ఎందుకు వాడాడు? పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించే వివరణ, కవాటంమీది మొలకలు చూడటానికి బూజులా ఉంటాయి గనుక అని. రెండో వివరణ నాబోటి మాటల మనిషికి ఎక్కువ నచ్చుతుంది. ఆ కాలంలో బాక్టీరియాలను బూజుజాతిలోనే లెక్కించేవారు. నేగెలి అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1857లో వాటికి ‘స్కిజోమైసీటిస్’ అని పేరు పెట్టాడు. చీలిక బూజులని అర్థం, రెండుగా చీలి పెరుగుతాయి గనుక. ఆ లెక్కన బాక్టీరియావల్ల కలిగినదేదైనా ‘మైకోటిక్’ అనడంలో తప్పు లేదు. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ రెండు జాతులనూ వేరుచేశారు. ఇల్లు పంచుకొన్నారు, పాత ఇంటిపేరు మాత్రం ఇక్కడ మిగిలిపోయింది. నా మొగ్గు ఈ రెండోదానివైపే, అయినా రెండూ ఉండి ఉండవచ్చు. ఇప్పటి వైద్యులలో చాలామంది ‘ఇన్‌ఫెక్షియస్ ఎన్యూరిజం’ అనడమే సరియని అంటారు. పాత పేరు ఇంకా పోలేదు. యోగార్థం చచ్చి, రూఢి బ్రతికిన మాటకు మిత్రులు అడిగిన శాస్త్రీయ ఉదాహరణ ఇదే. నిఘంటువులో ఉండేది యోగార్థం. ఆస్పత్రి కాగితంమీద ఉన్నది రూఢ్యర్థం. వ్యాకరణం చదివినవాణ్ణి, నాకు ఆ తేడా తెలిసి ఉండవలసింది.

పేరులోని వింత అక్కడితో ఆగదు. ఈ రోగానికి మొదట దొరికిన మందు నిజమైన బూజునుంచే వచ్చింది. పెనిసిలిన్ సంగతి అందరికీ తెలుసు గాని, మనిషి శరీరంలోకి దాన్ని సూదిద్వారా ఎక్కించిన తొలి ప్రయత్నాలు ఈ కవాటరోగుల మీదే జరిగాయని ఎక్కువమందికి తెలియదు. 1940 అక్టోబరులో న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయపు ఆస్పత్రిలో మార్టిన్ హెన్రీ డాసన్ అనే వైద్యుడు, తన బృందం గాజుకుప్పెలలో పెంచిన బూజునుంచి తీసిన కొద్దిపాటి పెనిసిలిన్‌ను ఇద్దరు యువకులకు ఇచ్చాడు. ఇద్దరిదీ ఎండోకార్డైటిసే. ఆ మోతాదు ఈ రోగానికి ఏ మూలకూ చాలదు. అయినా, చావు తప్పనిదని అందరూ వదిలేసిన రోగాన్ని ఎంచుకోవడంలో ఆ మనిషి ఏమిటో తెలుస్తుంది. ఆయనకే మయస్థీనియా అనే కండరాల జబ్బు పట్టి 1945లో చనిపోయాడు.

చావు తప్పనిదన్న మాటలో అతిశయోక్తి లేదు. సంగీతకర్త మాలర్ 1911లో ఈ రోగంతోనే పోయాడు. న్యూయార్కులో ఆయన రక్తాన్ని పరీక్షించి లోపల ఉన్న జీవిని పట్టుకొన్నారు; పట్టుకొని చేయగలిగినదేమీ లేకపోయింది. యుద్ధకాలంలో అమెరికాలో పెనిసిలిన్ పంపిణీ ఒక సంఘం చేతిలో ఉండేది. తొలి ఫలితాలు బాగాలేవని వారు కవాటరోగులకు ఇవ్వడం ఆపించారు. బ్రూక్లిన్‌లో లియో లోవే అనే వైద్యుడు పట్టు వదలక, ఫైజర్ కంపెనీ పెద్దల దగ్గర మందు సంపాదించి, అంతకుముందు ఎవరూ ఇవ్వనంత మోతాదులో ఎక్కించాడు. రోగులు లేచి కూర్చున్నారు. 1944లో ఆయన ఏడుగురి వృత్తాంతం ప్రకటించిన తర్వాత లోకం నమ్మింది. మన దేశంలో పింప్రిలో ప్రభుత్వం హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ నెలకొల్పినది 1954లో.

మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోనుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది లోకానికి వెల్లడైనదీ, సుబ్బారావుగారు మరణించినదీ ఒకే ఏడు, 1948. అభిమానంకొద్దీ అన్ని రోగాలకూ దాన్నే అంటగట్టకూడదు. ఆ జాతి మందులు బాక్టీరియా పెరుగుదలను ఆపుతాయి, చంపవు. కవాటంమీది మొలకలలోకి తెల్లకణాలు సరిగా చొరలేవు గనుక అక్కడ చంపే మందే కావాలి, అదీ వారాల తరబడి. అయితే మాటల లెక్కలో మాత్రం అది మనకు పనికివస్తుంది. ఆరియోమైసిన్ ఇచ్చే జీవి స్ట్రెప్టోమైసిస్ జాతిది. ఆ పేరుకు మెలికల బూజని అర్థం. అదీ బూజు కాదు, బాక్టీరియాయే!

ఇక పిల్లవాడి గుండెకు మొదట ఆ గాటు ఎలా పడింది? నా శిష్యుడు అడిగిన మొదటి ప్రశ్న, “చిన్నప్పుడు కీళ్ళు వాచాయా సార్?” అని. వాచాయి. ఏడెనిమిదేళ్ళ వయసులో మోకాలు వాచి, అది తగ్గేలోగా మడమ, తర్వాత మోచేయి వాచాయని తల్లి అప్పట్లోనే చెప్పింది. వాతమని తైలం రాశారు. తగ్గింది. మరిచారు. అది రుమాటిక్ జ్వరం. గొంతులో చేరే ఒక రకం స్ట్రెప్టోకాకస్‌తో మొదలవుతుంది. దానితో పోరాడే శరీరం పొరపాటున తన కీళ్ళనూ కవాటాలనూ కూడా కొడుతుంది. కీళ్ళు బాగుపడతాయి, కవాటాలు మచ్చపడతాయి. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు, అందులోనూ ఒకే గదిలో ఎక్కువమంది ఊపిరి పంచుకొనే ఇళ్ళలో ఎక్కువ. 1960 ప్రాంతంలో ఇక్కడ గనులు మొదలైనప్పటినుంచి ఊళ్ళకు ఊళ్ళు పనికోసం వచ్చాయి. క్వార్టరు దొరికినవాళ్ళు దొరికించుకొన్నారు, మిగిలినవాళ్ళు గుడిసెల్లో. ఆ ఇంట్లో ఒక్క గదిలో ఏడుగురు ఉండేవారు.

మాధవ నిదానంలో ఆమవాతమనే అధ్యాయం ఉన్నది. కీళ్ళవాపుతో మొదలైన ఆ జబ్బు ముదిరితే వచ్చే బాధలలో ‘హృద్గ్రహం’ అనే మాట కూడా ఉన్నది. గుండె పట్టుకోవడమని అర్థం. ప్రాచీనులకు కవాటాలు, స్ట్రెప్టోకాకస్ తెలుసునని నేను అనను. అలా అనేవారితో నాకు పేచీ ఉన్నది. కీళ్ళనూ గుండెనూ ఒకే వాక్యసమూహంలో చూసినవాడు ఒకడు ఉన్నాడని మాత్రమే అంటాను. ఆ పుస్తకం 1988లో నా అలమారాలోనే ఉండేది.

మచ్చపడిన కవాటంమీద రక్తం సాఫీగా పారదు. పంటినుంచో, చిగురునుంచో రక్తంలోకి జారిన బాక్టీరియా అక్కడ నిలదొక్కుకొంటుంది. ఆపైన కథ ముందే చెప్పాను. ఎండోకార్డైటిస్ వచ్చినవారిలో మెదడు ధమనిపై ఈ బుడగ నూటికి ఇద్దరినుంచి నలుగురిలో కనిపిస్తుందని పుస్తకాలు చెబుతాయి. పైకి తెలియకుండా మందులతో కరిగిపోయేవి కూడా ఉంటాయి గనుక అసలు సంఖ్య అంతకన్న ఎక్కువే కావచ్చు. మామూలు మెదడు బుడగలు మెదడు అడుగున పెద్ద ధమనులు చీలేచోట వస్తాయి. ఇవి దూరంగా, కొమ్మల చివర వస్తాయి, కొట్టుకువచ్చిన ముక్క ఇరుకుదారిలోనే ఆగుతుంది గనుక.

1927లో లిస్బన్‌లో మోనిజ్ మెదడు ధమనులను ఎక్స్‌రేలో చూసే పద్ధతి కనిపెట్టేదాకా బ్రతికి ఉన్న మనిషిలో వీటిని చూసే మార్గమే లేదు. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ సీటీ యంత్రంలో తొలి రోగిని పరీక్షించారు. ఇప్పుడు రక్తనాళంగుండా సన్నని గొట్టం పంపి, బుడగను లోహపు తీగచుట్టతోనో జిగురుతోనో మూసివేస్తున్నారు. పగలని బుడగ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు యాంటీబయోటిక్ ఇస్తూ మళ్ళీ మళ్ళీ చిత్రాలు తీసి చూస్తారు. కొన్ని కరుగుతాయి, కొన్ని మందు పడుతుండగానే పెరుగుతాయి, కొత్తవీ లేస్తాయి. వైద్యులకు అన్నిటికన్న కష్టమైన ప్రశ్న మరొకటని నా శిష్యుడు చెప్పాడు. కవాటం పూర్తిగా పాడైతే గుండెకు ఆపరేషన్ కావాలి. దానికి గుండె పని చేసిపెట్టే యంత్రం, యంత్రానికి రక్తం గడ్డకట్టనివ్వని మందు కావాలి. ఆ మందు ఇస్తే మెదడులో బుడగ పగిలి ఆగని రక్తస్రావం కావచ్చు. ఆగుదామంటే గుండె ఆగనివ్వదు. ఏది ముందు? రోగిని బట్టి ఒక్కొక్కసారి ఒక్కొక్క జవాబు.

రామగుండంలో 2022లో వైద్యకళాశాల వచ్చింది. ఆ పిల్లల్లో తెలుగు మాధ్యమంనుంచి వచ్చినవారు ఎందరో తెలియదు గాని, పాఠంలో ‘మైకోటిక్’ అని వచ్చినప్పుడు ఎవరైనా చేయెత్తి, ‘బూజు లేదు కదా సార్’ అంటే బాగుండుననిపిస్తుంది.

2006లోనే, శిష్యుడు చెప్పిన వారానికి, నేను ఆ తండ్రి ఇంటికి వెళ్ళాను. ఉద్యోగ విరమణ చేసి సొంత ఊరిలో ఉంటున్నాడు. నన్ను చూసి మంచం వాల్చాడు. నేను తప్పు చెప్పానని, అది కట్టెల బూజు కాదని, ఆ జబ్బుకూ ఆయన బట్టలకూ ఏ సంబంధమూ లేదని, నేర్చుకొన్నదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు.

“గట్లయితే నేను తెచ్చింది కాదన్నట్టు.”

“కాదు.”

ఆయన భార్య చాయ్ తెచ్చి ఇచ్చి అక్కడే నిలబడింది. కాసేపటికి ఆయన, “మరి మోకాళ్ళు వాసిననాడే మంచి డాక్టరుకు సూపిస్తే బతుకుతుండెనా సారూ?” అన్నాడు.

దీనికి జవాబు నేను ముందు ఆలోచించుకొని వెళ్ళలేదు. మూడు వారాలకొకసారి పెనిసిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయిస్తారని, గొంతుజబ్బు మళ్ళీ రాకుండా చూస్తే చాలామంది పిల్లలకు గుండె మరింత పాడుకాదని చెప్పాను.

“గప్పుడు మాకెవ్వలు సెప్పలే” అన్నాడు. భార్య లోపలికి వెళ్ళిపోయింది.

నేను లేవబోతుంటే, సరైన పేరు ఒక కాగితంమీద తెలుగులో వ్రాసి ఇమ్మన్నాడు. ఆయనకు చదవను రాదు. నేను ‘గుండె కవాటపు జబ్బువలన మెదడు రక్తనాళానికి వచ్చిన ఉబ్బు’ అని వ్రాసి ఇచ్చాను. ఆయన రేకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న పాత ఆస్పత్రి కాగితం తీసి, దానిలో దీన్ని పెట్టి మడిచి, పెట్టె మూశాడు.